చిన్న ఊరి మురుగుకు శుద్ధి కుంటలు: కొలత మొదలు నిర్వహణ దాకా

మీది ఎనిమిది వేల జనాభా ఉన్న మండల కేంద్రం అనుకుందాం. పేరుకు గ్రామ పంచాయతీయే అయినా బస్టాండు, వారపు సంత, రెండు కల్యాణ మండపాలు, వరుసగా టిఫిన్ సెంటర్లు, ఒక హాస్టలు ఉన్న ఊరు. భూగర్భ డ్రైనేజీ లేదు. సీసీ రోడ్ల పక్కన సైడు కాలువలున్నాయి. అవన్నీ కలిసి పెద్ద కాలువై ఊరి చెరువులో పడుతున్నాయి. చెరువు నిండా గుర్రపుడెక్క. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ఊళ్లు ఎటు వెళ్లినా కనిపిస్తాయి.

ఈ నీటిని శుద్ధి చేయాలని గ్రామసభలో తీర్మానం కాగానే ఎవరో ఒకరు యంత్రాల కేటలాగు పట్టుకుని వస్తారు. ఈ స్థాయి ఊరికి అవి వద్దన్నది నా గట్టి అభిప్రాయం. బ్లోయర్లతో గాలి ఊది నడిపే ప్లాంటుకు ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉండాలి, చేయి తిరిగిన ఆపరేటరు ఉండాలి, మోటారు కాలితే మర్నాడే బాగు చేయించే డబ్బు ఉండాలి. వీధిదీపాల బిల్లుకే తడుముకునే పంచాయతీ ఆ బరువు మోయలేదు. గాలి ఆగితే లోపలి సూక్ష్మజీవులు చచ్చి ప్లాంటే మురుగు తొట్టి అవుతుంది. మనకు దండిగా ఉన్నది ఎండ. కాస్త వెతికితే భూమి కూడా దొరుకుతుంది. ఆ రెండింటితో నడిచేవే శుద్ధి కుంటలు. మురుగు ఒక కుంటలోంచి మరో కుంటలోకి వాలు మీద పారుతూ వెళుతుంది, మోటారు అక్కర్లేదు.

ముందు కొలవండి

అంచనా వేయించే ముందే మీ ఊరి మురుగు ఎంతో మీకు తెలియాలి. కాగితం మీద లెక్క తేలికే. మనిషికి రోజుకు 70 లీటర్ల నీరు సరఫరా అవుతుంటే ఎనిమిది వేల మందికి 560 ఘనపు మీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్ల వాడుక. అంటే దాదాపు 450 ఘనపు మీటర్లు. కానీ సొంత బోర్లున్న ఇళ్లెన్నో, మూత లేని కుళాయిలు ఎన్నో ఆ కాగితానికి తెలియదు. కాలువ దగ్గరికి వెళ్లి చూడాల్సిందే.

పెద్ద కాలువ తిన్నగా, శుభ్రంగా ఉన్న చోట పది మీటర్ల దూరం గుర్తు పెట్టుకోండి. ఎండుటాకు వేసి ఆ దూరం ఎన్ని సెకన్లలో దాటిందో ఫోనులో చూడండి. కాలువ వెడల్పు 60 సెంటీమీటర్లు, నీటి లోతు 8 సెంటీమీటర్లు, ఆకుకు 40 సెకన్లు పట్టింది అనుకుంటే వేగం సెకనుకు పావు మీటరు. వెడల్పును, లోతును, వేగాన్ని గుణిస్తే సెకనుకు 12 లీటర్లు. పైన తేలే ఆకు అడుగు నీటికంటే వేగంగా పోతుంది కాబట్టి 0.8తో గుణించండి. సెకనుకు సుమారు 9.6 లీటర్లు. ఇది ఉదయం ఏడింటప్పుడు చూసిన కొలతైతే కంగారు పడకండి, అది రోజంతటి కంటే ఎక్కువ పారే సమయం. 450 ఘనపు మీటర్లను రోజంతటికీ పరిస్తే సెకనుకు 5.2 లీటర్లే. అందుకే తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రెండు గంటలకోసారి కొలవండి. సంత రోజు ఒకసారి, మామూలు రోజు ఒకసారి. ఇంటర్ విద్యార్థులు ఇద్దరు ఒక నోట్‌బుక్కుతో చేయగల పని ఇది.

అదే సమయంలో ప్రతి రెండు గంటలకూ ఒక సీసా నీరు పట్టి, అన్నీ కలిపి, ఐసు పెట్టెలో అదే రోజు కాలుష్య నియంత్రణ మండలి గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. ముఖ్యంగా అడగాల్సింది బీఓడీ. నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత అది. మన దేశంలో 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి చూస్తారు. దానితోపాటు సల్ఫేటు కూడా చూపించండి. లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే లోతు కుంట నుంచి కుళ్లిన గుడ్ల వాసన తప్పదు. సంగతి ముందే తెలిస్తే స్థలం ఊరికి ఇంకాస్త దూరంగా చూసుకోవచ్చు.

రానివ్వకూడనివి

కుంటలు తవ్వే ముందు కాలువ వెంట ఎగువకు నడవండి. ఈ నడక ఖర్చు లేనిది, అందుకే ఎవరూ చేయరు. శుద్ధి కేంద్రం నిలుస్తుందో పాడవుతుందో మాత్రం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

మొదట చూడాల్సింది సెప్టిక్ ట్యాంకులు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే గొట్టం సైడు కాలువలోకి తెరిచి ఉన్న ఇళ్లే ఎక్కువ. ఇక మనం వాడకనీరు (స్నానం, వంట, ఉతుకుల నీరు) అనుకుంటున్నది నిజానికి మలం కలిసిన నీరే. పెరడు ఉన్న ఇంటికి ఆ గొట్టాన్ని ఇంకుడు గుంతలోకి మళ్లించమని చెప్పండి. తాగునీటి బోరుకు, బావికి దూరం పాటించాలి. నల్లరేగడి నేలల్లో నీరు సరిగా ఇంకదు, అక్కడ ఈ సలహా పనికిరాదు. అలాంటి ఊళ్లో కాలువకు మూత వేసి, మొత్తం నీటిని కుంటలకు చేర్చడమే దారి.

ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించకపోతే బురద కూడా కాలువలోకే వస్తుంది. పద్దెనిమిది వందల ఇళ్లుంటే మూడేళ్ల చక్రంలో ఏడాదికి ఆరు వందల ట్యాంకులు, అంటే పని దినానికి రెండు. ఒక ట్యాంకరు బండికి సరిపడే పనే. వార్డులవారీగా తేదీలు వేసి పంపితే జనం పిలిచేదాకా ఆగాల్సిన పని లేదు. ఆ బండి తెచ్చిన మలబురదను మాత్రం మీ కుంటల్లో పోయనివ్వకండి. మామూలు మురుగుకంటే అది ఎన్నో రెట్లు చిక్కన. పోసిన కొద్ది రోజులకే కుంటలు దెబ్బతింటాయి. కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015లో మలబురదకు విడిగా శుద్ధి కేంద్రం కట్టారు. తర్వాత వరంగల్, నర్సాపురం వంటి చోట్ల కూడా అలాంటివి వచ్చాయి. దగ్గర్లోని పట్టణంలో ఉంటే దానితో ఒప్పందం చేసుకోండి. లేకపోతే భూగర్భజలం లోతుగా ఉన్న చోట కందకాలు తవ్వి, పోసి, మట్టితో కప్పే పద్ధతి ఉంది.

ట్యాంకులోకి మనిషిని దింపకూడదు. అలా దింపి చేయించే శుభ్రతను 2013 నాటి చట్టం నిషేధించింది. కార్మికుడు చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడు ఒకటి రెండు ఊపిరులకే మనిషిని పడేస్తుంది. పడిన మనిషిని లాగబోయి రెండో మనిషి, మూడో మనిషి పోవడం మన పేపర్లలో తరచూ చదువుతూనే ఉన్నాం.

తర్వాత వ్యాపారాలు. టిఫిన్ సెంటర్లు, మెస్సులు, హాస్టలు వంటగది కాలువ మీద నూనె ఆపే చిన్న తొట్టి కట్టించాలి. మధ్యలో అడ్డుగోడ ఉన్న రెండు అరల తొట్టి చాలు. నూనె పైన తేలి ఆగిపోతుంది, వారానికోసారి తీసేయాలి. మాంసం, చేపల మార్కెట్ల నుంచి రక్తం, పేగులు కాలువలోకి రాకుండా చూడాలి. ఇక ఉప్పుడు బియ్యం చేసే మిల్లు ఉంటే దాని నానబెట్టిన నీటిని మీ కాలువలోకి అసలు రానివ్వకండి. ఒక్క మిల్లు నీరే ఊరంతటి మురుగుకు సమానమైన బరువు మోపగలదు. దాన్ని శుద్ధి చేసుకోవాల్సిన బాధ్యత మిల్లు యజమానిదే, అనుమతి ఇచ్చేటప్పుడు కాలుష్య నియంత్రణ మండలి పెట్టే షరతు కూడా అదే. సర్పంచ్‌గారి బావమరిది మిల్లైనా సరే.

భూమి

ఎనిమిది వేల మందికి గట్లు, దారి, కంచెతో కలిపి రెండెకరాలు కావాలి. స్థలం ఊరికంటే పల్లంలో ఉండాలి, లేకపోతే మోటారు పెట్టాల్సి వస్తుంది, మళ్లీ కరెంటు బిల్లు మొదలు. ఇళ్లకు కనీసం 200 మీటర్లు, వీలైతే అర కిలోమీటరు దూరంలో, ఎక్కువ కాలం గాలి ఊరి మీదుగా అటు వీచే దిక్కున చూడండి. చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, కట్టకండి. శిఖం భూమి ఖాళీగా, ఎవరిదీ కానట్టు కనిపిస్తుంది కాబట్టి అందరి కన్నూ దాని మీదే పడుతుంది. కానీ మంచి వానకాలంలో అది మునుగుతుంది. తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరు, సర్వేయరు కొలత, పంచాయతీకి అప్పగింత కాగితం చేతికి వచ్చాకే టెండరు మాట ఎత్తండి.

నేల పట్టు చూడటానికి నడుము లోతు గొయ్యి తవ్వి, ఒక రోజంతా తడిపి, మర్నాడు నింపి మట్టం గుర్తు పెట్టండి. ఇరవై నాలుగు గంటల్లో బాగా తగ్గితే అడుగున బంకమట్టి కొట్టించాలి, లేదా మందపాటి పాలిథీన్ షీటు పరవాలి. ఎర్ర ఇసుక నేలల్లో ఈ ఖర్చు తప్పదు. దాన్ని ఎగ్గొడితే చుట్టుపక్కల బోర్లలో నైట్రేటు పెరుగుతుంది.

కుంటల లెక్క

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఏఈగారు తెచ్చిన డిజైను సరిగా ఉందో లేదో మీరే చూసుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది. చలికాలంలో సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, బీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు అనుకుంటున్నాను. రోజుకు 450 ఘనపు మీటర్లలో మొత్తం మలినం సుమారు 112 కిలోలు.

మొదటిది లోతు కుంట. మూడు మీటర్ల లోతు, అడుగుదాకా గాలి చేరని కుంట. బరువైన మలినం అడుగుకు దిగి అక్కడే కుళ్లి బురదగా, వాయువుగా మారుతుంది. 20 డిగ్రీల వద్ద ఘనపు మీటరుకు రోజుకు 300 గ్రాముల దాకా మలినం భరిస్తుంది, బీఓడీని 60 శాతం తగ్గిస్తుంది. ఆ లెక్కన 375 ఘనపు మీటర్లు చాలు గానీ మురుగు కనీసం ఒక రోజు నిలవాలి కాబట్టి 450 పెట్టండి. అలాంటివి రెండు పక్కపక్కన కట్టండి. ఒకటి శుభ్రం చేసేటప్పుడు రెండోది మొత్తం భారం మోస్తుంది. రెండోది దండగ అని అంచనాలోంచి కొట్టేయబోతే ఒప్పుకోకండి. ఒక్క కుంటే ఉంటే పూడిక తీసే రోజు మురుగును ఎక్కడికి పంపుతారు?

రెండోది పచ్చ కుంట, ఇంజినీర్లు ఫ్యాకల్టేటివ్ పాండ్ అంటారు. లోతు మీటరున్నర. అసలు పని జరిగేది ఇక్కడే. ఎండకు ఆకుపచ్చ నాచు పెరిగి నీటిలోకి ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌తో సూక్ష్మజీవులు మిగతా మలినాన్ని తింటాయి. అవి వదిలిన బొగ్గుపులుసు గాలిని మళ్లీ నాచు వాడుకుంటుంది. బ్లోయరు చేసే పని సూర్యుడు చేస్తున్నాడన్న మాట. లోతు కుంట దాటి వచ్చే మలినం రోజుకు 45 కిలోలు. 20 డిగ్రీల వద్ద హెక్టారుకు రోజుకు సుమారు 250 కిలోలు పెట్టవచ్చు కాబట్టి 1,800 చదరపు మీటర్లు కావాలి. 72 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు పెడితే సరిపోతుంది. చదరంగా కట్టకండి, నీరు దగ్గరి దారిన బయటికి జారిపోతుంది. పొడవు వెడల్పుకు రెండు మూడు రెట్లుండాలి.

చివరివి రోగకారక క్రిములను చంపే కుంటలు రెండు. మీటరు లోతు, ఒక్కోదానిలో మూడు రోజుల నిలవ, ఒక్కోటి 1,350 చదరపు మీటర్లు. ఎండ అడుగుదాకా దిగాలి కాబట్టి వీటిని లోతుగా తవ్వకూడదు.

నీటి విస్తీర్ణం మొత్తం 4,800 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైనా పోయేది 34 ఘనపు మీటర్లే. ఎండాకాలం నీళ్లన్నీ ఎగిరిపోతాయన్న భయం అక్కర్లేదు.

కట్టేటప్పుడు

గట్టు లోపలి వాలు ఒకటికి మూడు (మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డం), బయటిది ఒకటికి రెండు. నీటి మట్టానికి పైన అర మీటరు గట్టు. నీటి అంచు తగిలే చోట రాయి పరవండి లేదా కాంక్రీటు పలకలు వేయండి. ఇది అందం కోసం కాదు. గట్టు అంచున గడ్డి నీళ్లలోకి వంగితే ఆ నీడలో క్యూలెక్సు దోమ గుడ్లు పెడుతుంది, బోదకాలు వ్యాపింపజేసే దోమ అదే. గట్ల మీద చెట్లు నాటకండి, వేళ్లు గట్టును చీలుస్తాయి. హరితహారమో మరో పేరో చెప్పి మొక్కలు తెచ్చినవారికి కంచె అవతల చోటు చూపించండి.

ముందు భాగాన ఇనుప ఊచల జాలీ, 25 మిల్లీమీటర్ల సందుతో, చెత్త పళ్ల కర్రతో పైకి లాగడానికి వీలుగా వాలుగా. దాని తర్వాత ఇసుక దిగే కాలువ, నీటి వేగం సెకనుకు 0.3 మీటర్లు ఉండేలా. అది కూడా జంటగా. జాలీకి ముందే వాన నీరు పొర్లిపోయే అలుగు ఒకటి ఉండాలి, మామూలు ప్రవాహానికి మూడు నాలుగు రెట్లు దాటిన నీరు పక్క కాలువలోకి పోయేలా. సైడు కాలువల ఊళ్లో ఇది లేకపోతే జూలైలో వచ్చే మొదటి పెద్ద వానకే నాచంతా కొట్టుకుపోతుంది.

కుంటలోంచి బయటికి వెళ్లే గొట్టం ముందు తెట్టె ఆపే పలక పెట్టించండి. లోతు కుంటలో 30 సెంటీమీటర్లు, పచ్చ కుంటలో 60 సెంటీమీటర్లు దిగువ నుంచి నీరు తీయాలి. పచ్చ కుంటలో నాచు పై పొరలోనే గుమిగూడి ఉంటుంది, దాన్ని పోగొట్టుకోకూడదు.

మొదలుపెట్టే వరస

కట్టడం పూర్తికాగానే ప్రారంభోత్సవం తేదీ చూసి మురుగు వదిలేస్తారు. అలా చేస్తే నెల రోజులు ఊరంతా కంపు. వేసవి మొదట్లో, ముందు పచ్చ కుంటను, చివరి కుంటలను చెరువు నీటితోనో బోరు నీటితోనో నింపండి. మూడు నాలుగు వారాల్లో నీరు పచ్చబడుతుంది. అప్పుడు లోతు కుంటలోకి మురుగు వదిలి, సెప్టిక్ ట్యాంకు బురద కొంత విత్తనంగా పోయండి. మలబురద వద్దని పైన అన్నాను, ఇది ఒక్కటే మినహాయింపు. మురుగు భారాన్ని కొద్దికొద్దిగా పెంచండి. నీటి పులుపును చెప్పే పీహెచ్ 7కు తగ్గితే సున్నం చల్లండి. ఎమ్మెల్యేగారి తేదీ కుదరకపోతే రిబ్బను తర్వాత కత్తిరించుకోవచ్చు.

రోజువారీ పని

ఒక మనిషి చాలు, కానీ ఆ ఒక్కరూ తప్పకుండా ఉండాలి, జీతం నెలనెలా అందాలి. ఉదయం జాలీ మీది కవర్లు, గుట్కా పొట్లాలు, కొబ్బరి పీచు లాగి, ఎండబెట్టి, చెత్త బండికి ఇవ్వడం. వారానికోసారి ఇసుక తీయడం. పచ్చ కుంట మీద తెట్టె, గుర్రపుడెక్క కనిపించిన రోజే ఏరేయడం. గుర్రపుడెక్క నీటిని శుద్ధి చేస్తుందని చెప్పేవాళ్లుంటారు. ఎండను ఆపేసే మొక్క ఎండతో నడిచే కుంటకు పనికిరాదు. లోతు కుంట మీద మాత్రం తెట్టె కట్టనివ్వండి, వాసన తగ్గుతుంది. ఈగలు ముసిరితే నీళ్లు చిమ్మితే సరి. చివరి కుంటల్లో గంబూసియా చేపలు వదిలితే దోమ పిల్లలను తినేస్తాయి.

ఆ కార్మికుడికి గమ్ బూట్లు, గ్లవ్స్, సబ్బు, చేతులు కడుక్కునే కుళాయి, ధనుర్వాతం టీకా, గట్టు మీద తాడు కట్టిన రబ్బరు ట్యూబు ఉండాలి. కంచె బలంగా వేయించండి. కుంటను చూసి ఈతకు దిగే పిల్లలుంటారు.

ల్యాబు రిపోర్టు వచ్చేలోపు కుంట రంగు చూసి చాలా చెప్పవచ్చు. పచ్చ కుంట చిక్కటి ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు. గులాబీ, ఊదా రంగు తిరిగితే భారం కొంచెం మించుతోంది, గంధకం తినే బ్యాక్టీరియా పెరుగుతోంది. బూడిద రంగో నలుపో అయితే నాచు చచ్చిపోయినట్టే. వెంటనే మళ్లీ ఎగువకు నడవండి. ఎవరో ట్యాంకరు పోసి ఉంటారు, లేదా మిల్లు నీరు రాత్రిపూట వదులుతూ ఉంటారు. రోజూ రంగు, వాసన, జాలీ దగ్గర నీటి లోతు మూడూ ఒక పుస్తకంలో రాయించండి.

లోతు కుంటల్లో బురద మనిషికి ఏడాదికి 0.04 ఘనపు మీటర్ల చొప్పున చేరుతుందని లెక్క, అంటే మొత్తం 320 ఘనపు మీటర్లు. రెండు కుంటల్లో మూడో వంతు నిండటానికి దాదాపు ఏడాది. సెప్టిక్ ట్యాంకులు బాగా పనిచేస్తే ఇంకా ఆలస్యం కావచ్చు. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగుదాకా దించి తీస్తే బురద ఎంత ఎత్తు ఉందో మరక చెబుతుంది. వేసవిలో ఒక కుంటను ఆపి, పంపుతో తీయించి, ఇసుక మడుల మీద ఆరబెట్టండి.

బయటికి వచ్చే నీరు, డబ్బు

2017 అక్టోబరు నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం పెద్ద నగరాలు కాని చోట శుద్ధి చేసిన నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, వంద మిల్లీలీటర్లలో మల కోలిఫారమ్ (మలం కలిసిందని తెలిపే బ్యాక్టీరియా) వెయ్యి దాటకూడదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా కఠినమైన అంకెలు చెప్పింది. మీకు ఏది వర్తిస్తుందో కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రంలో రాయించుకోండి. కుంటల నీటిలో నాచు ఉంటుంది కాబట్టి వడకట్టకుండా చూస్తే బీఓడీ ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఈ నీటిని చెరువులో వదలడం కంటే పొలానికి పెట్టడమే మేలు. నేపియర్ గడ్డి, సుబాబుల్, మల్బరీ హాయిగా పెరుగుతాయి. హైదరాబాద్ దిగువన మూసీ వెంట శుద్ధి కాని నీటితోనే పశుగ్రాసం పండిస్తున్నారు. మీ నీరు అంతకంటే ఎంతో నయం. పచ్చిగా తినే కూరగాయలకు, ఆకుకూరలకు మాత్రం ఇవ్వకండి. వరికి పెడితే యూరియా తగ్గించాలని రైతుకు చెప్పండి, నత్రజని ఎక్కువై పైరు పడిపోతుంది. గడ్డి వేలం వేస్తే వచ్చే డబ్బు కార్మికుడి జీతానికి కొంత ఆసరా.

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో ఐదు వేలు దాటిన ఊరికి వాడకనీటి పనులకు తలకు 660 రూపాయలు పెట్టారు. ఎనిమిది వేల మందికి 52.8 లక్షలు. అందులో 30 శాతం, అంటే 15.84 లక్షలు, పంచాయతీ పదిహేనో ఆర్థిక సంఘం నిధుల నుంచి భరించాలన్నారు. ఆర్థిక సంఘం గడువు, పథకం గడువు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు జిల్లా కార్యాలయంలో కనుక్కోండి. నగర పంచాయతీ అయిన ఊళ్లకు దారి వేరు, 2021 అక్టోబరులో మొదలైన పట్టణ స్వచ్ఛ భారత్ రెండో దశ కింద అడగాలి. ఏ పథకమైనా కట్టడానికి ఇస్తుంది గానీ జాలీ ఊడ్చడానికి ఇవ్వదు. జీతం, ఏటా పూడిక, మూడు నెలలకోసారి ల్యాబు పరీక్ష, ఈ మూడింటినీ పంచాయతీ బడ్జెట్‌లో విడి పద్దుగా రాసి, టెండరుకు ముందే గ్రామసభలో తీర్మానం చేయించండి.